మాటలేని రోగి వంతు

ఊరంతటికీ ఒకేసారి ఆపద వచ్చినప్పుడు, ఉన్న కొద్దిపాటి వైద్యాన్ని ఎవరికి ముందు అందించాలి? ఎవరిని ఆగమని చెప్పాలి? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. కరవుకాలంలో గంజి కేంద్రాల ముందు మన రాయలసీమ పెద్దలు దీనిని ఎదుర్కొన్నవారే. అయితే 2020, 2021 సంవత్సరాలలో కరోనా మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను కుదిపివేసినప్పుడు ఈ ప్రశ్నకు ఒక మూలన మనం సమాధానం ఇచ్చేశాం. ఎవరూ సభ పెట్టి చర్చించలేదు. ఎవరూ తీర్మానం చేయలేదు. మానసిక రోగులు ఆగవచ్చుననే సమాధానం దానంతటదే అమలులోకి వచ్చింది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. భయం తగ్గిన తరువాతనే ఇటువంటి సంగతులను నిదానంగా ఆలోచించగలం. గనుక పాఠక మిత్రులారా, ఈ వారం ఒక క్లిష్టమైన విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. మన పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అని గొంతు తగ్గించి చెప్పుకొనే మానసిక చికిత్స ఒకటుంది. అంటువ్యాధి ప్రబలినప్పుడు దానిని ఆపివేయడం న్యాయమేనా? ఆపకూడదంటే, చేసేవారి ప్రాణాలకు పూచీ ఎవరు?

కరెంటు పెట్టడం అంటే ఏమిటి?

ముందుగా కొంచెం భయం పోగొట్టుకుందాం. 1938లో రోము నగరంలో ఉగో చెర్లెట్టి, లూచియో బీనీ అనే ఇటలీ వైద్యులు ఈ చికిత్సను మొదటిసారిగా చేశారు. ఆ తొలి దినాలలో మత్తు ఇవ్వకుండానే చేసేవారు. రోగి ఒళ్లంతా ఎగిరిపడేది. ఎముకలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి. మన సినిమాలు ఇప్పటికీ ఆ పాత దృశ్యాన్నే, అదీ ఒక శిక్షలాగా చూపిస్తుంటాయి. అందుకే ఆ పేరు వినగానే మన తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఈనాటి పద్ధతి వేరు. రోగి పరగడుపున వస్తాడు. మత్తు డాక్టరు సూదిమందుతో నిద్రపుచ్చుతాడు. కండరాలను సడలించే మందు ఇస్తాడు. ఆ మందు ప్రభావం వల్ల కొద్ది నిమిషాలపాటు రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు గనుక, మాస్కు ద్వారా ఆక్సిజన్ అందిస్తారు. కణతల వద్ద కొన్ని సెకన్లపాటు మాత్రమే విద్యుత్తు పంపుతారు. మెదడులో ఫిట్సు వస్తుంది. అది సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. శరీరం పెద్దగా కదలదు. కొద్దిసేపటిలో రోగి మేలుకుంటాడు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున మొత్తం ఆరు నుండి పన్నెండు సార్లు చేయడం వాడుక.

ఇందులో కష్టం లేదని అనడం లేదు. తలనొప్పి, కొంతసేపు తికమక సహజం. ఆ వారాలలో జరిగిన సంగతులు కొన్ని మరపునపడతాయి. కొందరికి ఆ ఖాళీలు అలాగే మిగిలిపోతాయి. దీనిని రోగికి, ఇంటివారికి ముందుగానే చెప్పాలి. ప్రాణాపాయం మాత్రం చాలా అరుదు. లక్షసార్లు ఈ చికిత్స చేస్తే సుమారు రెండు మరణాలు సంభవిస్తాయని వైద్యుల లెక్క.

ఇక ఇది ఎవరికి అవసరం? ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. ఆమె ఊరు పుంగనూరు దగ్గర ఏదో ఒక పల్లె అనుకుందాం. కాన్పు జరిగి మూడు వారాలైంది. ఆమె మాట్లాడడం మానేసింది. ముద్ద నోట్లో పెడితే అక్కడే ఉంటుంది, మింగదు. చెయ్యి పైకెత్తితే ఎత్తినట్లే ఉండిపోతుంది. ఏడ్చే బిడ్డ వైపు చూడదు. ‘గాలి సోకింది’ అని అత్తగారు తాయెత్తు కట్టించింది. ఒకరు భూతవైద్యుని దగ్గరకు, మరొకరు వేళాంగణికి తీసుకుపొమ్మన్నారు. చివరకు ఆసుపత్రికి తెచ్చారు. ఈ స్థితిని వైద్యులు కెటటోనియా అంటారు. మొదట లొరాజెపామ్ అనే మందు ఇచ్చి చూస్తారు. చాలామంది దానితోనే తేరుకుంటారు. తేరుకోనివారికి కరెంటు చికిత్సే గట్టి ఆధారం. అది ఆలస్యమైతే, నీళ్లు తాగని శరీరంలో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కదలని కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు.

అలాగే తీవ్రమైన దిగులుతో చావే మేలనుకొనే స్థితికి చేరినవారు, అన్నం నీళ్లు మానేసిన వృద్ధులు ఉంటారు. దిగులు మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. వీరిలో కొందరికి అన్ని వారాల వ్యవధి ఉండదు.

దారి మూసుకుపోయిన రోజులు

కరోనా కాలంలో ఈ చికిత్సకు అడ్డం వచ్చిన చిక్కు ఊపిరి దగ్గర ఉన్నది. రోగి ఊపిరి ఆగినప్పుడు మాస్కు ముఖానికి బిగించి, అంబు బ్యాగును చేత్తో నొక్కి ఊపిరితిత్తులకు గాలి పంపుతారు. ఆ అంచులలోంచి తిరిగి బయటికి వచ్చే గాలిలో కంటికి కనబడని తుంపరలుంటాయి. రోగికి కరోనా ఉన్నట్లయితే తలాపున నిలబడిన మత్తు డాక్టరు, పక్కనున్న నర్సమ్మ నేరుగా ఆ గాలిలోనే ఉంటారు. కాబట్టి భయం అకారణం కాదు.

దీనికి తోడు మత్తు డాక్టర్లలో చాలామందిని కరోనా ఐ.సి.యు.లకు పంపవలసి వచ్చింది. ఆపరేషన్ గదులు, పడకలు కరోనాకు కేటాయించబడ్డాయి. ‘అత్యవసరం కానివి’ అనే జాబితాలో పడిన చికిత్సలు నిలిచిపోయాయి. మన దేశంలో అనేక ఆసుపత్రులు కరెంటు చికిత్సను పూర్తిగా ఆపివేయడమో, బాగా తగ్గించడమో చేశాయి.

మన ప్రాంతపు కష్టం ఇంకొకటి. చిత్తూరు వైపు వారికి తీవ్రమైన మానసిక వ్యాధి వస్తే తరతరాలుగా తెలిసిన దారి రాయవేలూరు దారి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో 1957లో మొదలైంది. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు వారు బెంగుళూరులోని నిమ్హాన్స్‌కు వెళ్తారు. ఆనాటికి మన రాష్ట్రంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నంలో ఉన్నది. తిరుపతి నుండి అక్కడికి ఏడు వందల కిలోమీటర్లకు పైమాట. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు, రైళ్లు నిలిచిపోయాయి. ఏప్రిల్ చివరి వారంలో వేలూరు జిల్లా అధికారులు మన చిత్తూరు జిల్లా సరిహద్దు దగ్గర రెండు రోడ్లకు అడ్డంగా ఏకంగా గోడలే కట్టించారు. విమర్శలు రాగా కొద్దిరోజుల్లోనే వాటిని పడగొట్టించారు. గోడ కూలింది గాని, ఆ గోడ కట్టాలన్న ఆలోచన వెనుక ఉన్న భయాన్ని మనం గుర్తుంచుకోవాలి.

లాక్‌డౌన్ మొదలైన రోజునే, అనగా మార్చి 25ననే, ఫోను ద్వారా వైద్యం చేయడానికి కేంద్ర ప్రభుత్వం నియమావళి విడుదల చేసింది. అది మంచి పని. ఎందరికో ఇంటివద్దనే మాత్రలు అందాయి. కాని పుంగనూరు ఇల్లాలివంటి వారికి ఫోను దేనికి పనికివస్తుంది? ఆమె ఫోనులో మాట్లాడదు. ఆమెకు కావలసిన చికిత్స ఫోనులో జరిగేదీ కాదు.

ఆగగలవారు ఎవరు?

ఇప్పుడు మొదటి నైతిక ప్రశ్న. చికిత్సలను అత్యవసరమైనవి, ఆగదగినవి అని రెండుగా విభజించక తప్పదు. అందరికీ అన్నీ ఇవ్వలేని రోజున ఆ విభజన పాపం కాదు. ప్రశ్నంతా ఏ కొలతతో విభజించామనేదే.

చికిత్స పేరును బట్టి విభజించడం సులువు. ‘కంటి ఆపరేషన్లు ఆగవచ్చు, కరెంటు చికిత్సలు ఆగవచ్చు, కాన్పులు ఆగవు’ అని ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటిస్తే సరిపోతుంది. కాని అపాయం చికిత్స పేరులో ఉండదు, రోగిలో ఉంటుంది. కరెంటు చికిత్స పొందేవారందరూ ఒక్కటి కాదు. వ్యాధి తగ్గిన తరువాత తిరగబెట్టకుండా నెలకొకసారి వచ్చేవారు ఉన్నారు. వారిలో చాలామందిని కొంతకాలం మందులతో, దగ్గరి పర్యవేక్షణతో నిలబెట్టవచ్చు. మందులు ఇంకా పూర్తిగా ప్రయత్నించనివారు ఉన్నారు. వారూ ఆగగలరు. కాని తిండి నీళ్లు మానినవారు, కొయ్యబారిపోయినవారు, ప్రాణం తీసుకోవాలని పదేపదే ప్రయత్నించేవారు ఉన్నారు. వీరు కాన్పు నొప్పులు పడుతున్న స్త్రీతో సమానం. వీరిని కంటి ఆపరేషన్ జాబితాలో చేర్చడం అన్యాయం.

అయితే ఈ అన్యాయం ఎందుకు ఎవరికీ తట్టలేదు? ఇక్కడ కొంచెం లోతుగా చూడాలి. కాలు విరిగినవాడు కేకలు వేస్తాడు. కడుపునొప్పి వచ్చినవాని బంధువులు గేటు దగ్గర గొడవ చేస్తారు. వారి నొప్పి వారి పక్షాన వాదిస్తుంది. మానసిక రోగికి అలా కాదు. కొయ్యబారిన రోగి నోరు తెరవడు. తీవ్రమైన దిగులులో ఉన్నవాడు నోరు తెరిచినా, ‘నాకెందుకయ్యా వైద్యం, ఆ డబ్బు పిల్లలకు పెట్టండి, నన్నిలా వదిలేయండి’ అంటాడు. తాను ఎవరికీ అక్కరలేనివాడనే తలంపే అతని వ్యాధి. ‘నీ వైద్యం వాయిదా వేస్తున్నాం’ అని చెబితే, ఆ మాట అతని వ్యాధి అతనితో రోజూ చెప్పే మాటలాగే వినబడుతుంది. అతడు తల ఊపుతాడు. మనం దానిని ఒప్పుకోలు అనుకుంటాం.

ఇతర వ్యాధులలో రోగి మౌనంగా ఉన్నాడంటే బాధ తగ్గిందని అర్థం కావచ్చు. ఈ వ్యాధిలో మౌనం పెరిగేకొద్దీ అపాయం పెరుగుతుంది. కాబట్టి వరుసలో ఎవరు ఎంత బిగ్గరగా అడుగుతున్నారనే కొలత ఇక్కడ తలక్రిందులవుతుంది. అడగలేనివాని తరఫున ఎవరైనా అడిగే ఏర్పాటు ముందే ఉండకపోతే, మనం ఎంత మంచివారమైనా అతనిని చివరనే నిలబెడతాం.

మన దేశంలో 2019లో 1,39,123 మంది, 2020లో 1,53,052 మంది, 2021లో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. అప్పులు, ఉపాధి పోవడం, ఒంటరితనం, ఇంటి కలహాలు ఇలా కారణాలు అనేకం. వైద్యం నిలిచిపోవడం వల్లనే ఇవి పెరిగాయని చెప్పడం తగదు. అయినా అంటువ్యాధి కాలంలో ‘మనసు జబ్బే కదా, ఆగుతుందిలే’ అనుకొనేవారు ఈ మూడు సంఖ్యలను ఒకసారి చదువుకోవాలి.

సత్రపువాని ప్రాణం

రెండవ ప్రశ్న మరింత కఠినం. రోగి అపాయంలో ఉన్నాడు, నిజమే. అలాగని మత్తు డాక్టరునో, నర్సమ్మనో ప్రాణాలకు తెగించమని ఆజ్ఞాపించే హక్కు మనకు ఉన్నదా?

పునీత అలోషియస్ గొంజాగా గారు 1591లో రోములో మహమ్మారి సోకినవారికి సేవ చేసి, తానూ జబ్బుపడి, 23 ఏళ్ల వయసులో మరణించారు. అట్టి త్యాగాన్ని మనం గౌరవిస్తాం. కాని అది ఆయన తనంతట తాను ఎంచుకున్నది. ఒకరి త్యాగాన్ని చూపించి, ఇంటివద్ద పసిబిడ్డను వదిలి డ్యూటీకి వచ్చిన నర్సమ్మను మంచి మాస్కు లేకుండా లోపలికి పంపడం త్యాగం కాదు, ఆమె పట్ల మనం చేసే నేరం.

మంచి సమరీయుని కథ మనందరికీ తెలుసు. గాయపడినవానిని అతడు తన గాడిదపై ఎక్కించుకొని సత్రానికి చేర్చాడని చెప్పుకుంటాం. ఆ తరువాతి సంగతిని అంతగా పట్టించుకోము. అతడు సత్రపువానికి రెండు దీనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అనగా సేవ చేసే భారాన్ని సత్రపువాని నెత్తిన ఊరకే పడవేయలేదు. దానికి కావలసిన సాధనం తాను సమకూర్చాడు. అంటువ్యాధి కాలంలో డాక్టరు, నర్సు మన సత్రపువారు. వారికి కావలసిన రెండు దీనారాలు ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది, ఆసుపత్రి యాజమాన్యానిది, చివరకు మనందరిదీ.

ఆ రెండు దీనారాలు ఏమిటో కరోనా అనుభవం నుండి వైద్యలోకం నేర్చుకున్నది. అవి ఆకాశంలోని చుక్కలేమీ కావు. రోగికి జ్వరం, దగ్గు ఉన్నాయేమో ముందు రోజే విచారించడం, వీలైతే ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష చేయించడం. గదిలో అవసరమైనవారు మాత్రమే ఉండడం. వారందరికీ ఎన్-95 మాస్కు, ముఖానికి అడ్డు, చేతి తొడుగులు, గౌను ఇవ్వడం. మత్తు ఇవ్వడానికి ముందే బిగుతైన మాస్కుతో మూడు నాలుగు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించడం. ఇలా చేస్తే రోగి శరీరంలో ఆక్సిజన్ నిలువ ఉంటుంది గనుక, చాలామందికి బ్యాగు నొక్కవలసిన అవసరం తగ్గుతుంది. నొక్కక తప్పనప్పుడు ఇద్దరు కలిసి, ఒకరు రెండు చేతులతో మాస్కును గట్టిగా అదిమిపట్టగా మరొకరు మెల్లగా నొక్కడం. మాస్కుకు, బ్యాగుకు నడుమ సూక్ష్మక్రిములను ఆపే వడపోత అమర్చడం. ఒక రోగికి, మరొక రోగికి నడుమ గదిలోని గాలి మారేంత వ్యవధి ఇవ్వడం. వ్యాధి సోకినవారికి చికిత్స తప్పనిసరి అయితే వారిని ఆ రోజు వరుసలో చివర ఉంచడం. వారానికి మూడుసార్లకు బదులు రెండుసార్లతో సరిపెట్టగలిగితే అలా చేయడం.

ఇందులో చిన్న చిక్కు ఒకటి ఉంది. మామూలు రోజుల్లో బ్యాగుతో వేగంగా గాలి పంపితే ఫిట్సు బాగా వస్తుంది, చికిత్స బాగా పనిచేస్తుంది. బ్యాగు మానివేస్తే ఆ లాభం తగ్గవచ్చు. అందుకని నిద్రపట్టకముందే రోగిచేత దీర్ఘంగా, వేగంగా ఊపిరి తీయించడం వంటి ఉపాయాలు చేశారు. అనగా భద్రత కోసం చికిత్సలో చేసే ప్రతి మార్పుకూ రోగి కొంత వెల చెల్లిస్తాడు. ఆ వెల ఎంతో చూసుకుంటూ మార్పులు చేయాలి.

అంటువ్యాధికి భయపడుతూనే రోగిని వదలని సంప్రదాయం మన సీమలో ఉన్నది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి ప్రారంభమైంది. దానికి మొదటి పెద్ద డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. క్షయక్రిమిని చంపే మందు అప్పటికి లోకంలోనే లేదు. ఉన్నవల్లా ధారాళమైన గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, శుభ్రత. ఆనాటివారు అంటుకొనే జబ్బు అని తెలిసి, దానికి తగినట్లు ఆసుపత్రినే మలచుకున్నారు. వందేళ్ల తరువాత మాస్కులు, వడపోతలు, పరీక్షలు, టీకాలు ఉన్న మనం ‘కుదరదు’ అనే ముందు ఆరోగ్యవరం వైపు ఒకసారి చూడాలి.

రెండు ఎదురు ప్రశ్నలు

‘ఆక్సిజన్ లేక జనం అల్లాడుతుంటే దీనికి ఆక్సిజన్ ఇమ్మంటారా?’ అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, సరఫరాలో పీడనం తగ్గి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది కరోనా రోగులు మరణించారు. ఆ రాత్రిని మన ప్రాంతం మరచిపోలేదు. మరచిపోకూడదు.

అయినా లెక్క వేసి చూద్దాం. కరెంటు చికిత్సకు ముందు, తరువాత కలిపి పది పదిహేను నిమిషాలపాటు నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఆక్సిజన్ ఇచ్చారనుకుందాం. అది 100 నుండి 150 లీటర్లు. ఆసుపత్రుల్లో కనబడే పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. అదే వేగంతో రోజంతా ఆక్సిజన్ కావలసిన రోగికి 24 గంటల్లో 14,400 లీటర్లు ఖర్చవుతుంది. అనగా ఒక రోగికి సగం రోజు సరిపోయే సిలిండరుతో నలభైకి పైగా కరెంటు చికిత్సలు చేయవచ్చు. పీడనం పడిపోతున్న ఆ గంటలో కరెంటు చికిత్స మొదలుపెట్టమని ఎవరూ అనరు. ఆ రోజు ఆగాలి, మరునాటి సంగతి మరునాడు చూడాలి. కాని ఒక రాత్రి కొరతను చూపించి మూడు నెలలు తలుపు మూసివేయడానికి ఆక్సిజన్ కారణం కాజాలదు.

రెండవ ఎదురు ప్రశ్న మరింత ప్రమాదకరమైనది. ‘మత్తు డాక్టరు దొరకడం లేదు, బ్యాగు వాడితే ముప్పు, కాబట్టి పాతకాలంలోలాగా మత్తు లేకుండానే కరెంటు పెడితే పోదా? అసలు లేనిదానికన్నా మేలు కదా!’ ఈ వాదంలో దయ ఉన్నట్లు కనబడుతుంది. కాని మత్తు లేకుండా చేస్తే ఎముకలు, కీళ్లు దెబ్బతినే ముప్పు తిరిగి వస్తుంది. రోగి భయం చెప్పనలవి కాదు. ఫిట్సు తరువాత నురగతో, రొప్పుతో వచ్చే ఊపిరి వల్ల పక్కవారికి ముప్పు తప్పిపోదు కూడ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షనులో దీనిని నిషేధించింది. కండరాలు సడలించే మందు, మత్తు లేకుండా ఈ చికిత్స చేయకూడదు. మైనర్లకు చేయకూడదు, తప్పనిసరి అయితే సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. అంటువ్యాధి కాలానికి ఆ చట్టం మినహాయింపు ఇవ్వలేదు. అది సరైనదే. ఆపదకాలంలో ముందుగా ఎవరి గౌరవాన్ని తగ్గించుకుంటామో వారినే మనం తక్కువవారిగా చూస్తున్నామని అర్థం. మత్తు లేకుండా అపెండిక్సు ఆపరేషన్ చేయమని ఎవరూ అడగలేదు గదా!

అతని పక్షాన ఎవరు?

పన్నెండవ పయస్ పోపుగారు 1957 నవంబరు 24న మత్తు వైద్యులను ఉద్దేశించి మాట్లాడుతూ, ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని కాపాడుకొనేందుకు సాధారణమైన సాధనాలను ఉపయోగించడం మనిషి బాధ్యత అని, అసాధారణమైనవి తప్పనిసరి కావని వివరించారు. ఏది సాధారణమో మనిషిని, స్థలాన్ని, కాలాన్ని బట్టి నిర్ణయించాలని కూడ చెప్పారు. కరోనా కాలంలో చాలామంది ఈ చివరి మాటను పట్టుకొని, ‘ఈ కాలానికి ఇది అసాధారణం’ అని తేల్చివేయవచ్చు. నా ఆలోచన వేరు. తిండి నీళ్లు మానిన మనిషిని తిరిగి తినేట్లు చేసే చికిత్స, పది పదిహేను నిమిషాలలో ముగిసేది, పెద్ద యంత్రాలు కోరనిది, ఎప్పటికీ సాధారణ సాధనమే. దానిని అసాధారణం చేసింది అంటువ్యాధి మాత్రమే కాదు. ఆ చికిత్స మీద మనకున్న పాత భయం, ఆ రోగి మీద మనకున్న పాత చిన్నచూపు కూడ.

మరి నోరులేని రోగి తరఫున ఎవరు అడగాలి? బాగాయం కేంద్రాన్ని నెలకొల్పిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ గారు రోగితోపాటు ఇంటివారిని కూడ ఉంచుకొనే పద్ధతిని అక్కడ నాటారు. తల్లో, భార్యో, అన్నో రోగి పక్కనే ఉంటే, మింగిన ముద్దలెన్నో వారే లెక్క చెబుతారు. కాని కరోనా కాలంలో చాలా ఆసుపత్రులలో తోడువచ్చినవారిని గేటు దగ్గరే ఆపవలసి వచ్చింది. అంటువ్యాధి దృష్టితో అది సబబే. మాటలేని రోగికి మాత్రం ఉన్న ఒక్క నోరు కూడ బయట నిలిచిపోయినట్లయింది. ఇట్టి రోగికి పరీక్ష చేయించిన ఒక్క తోడును అనుమతించడం, అదీ కుదరనప్పుడు రోజూ నిర్ణీత సమయానికి ఇంటివారితో ఫోనులో మాట్లాడడం చికిత్సలో భాగంగా లెక్కించాలి.

చట్టం కూడ కొన్ని తలుపులు తెరిచింది. ఎవరైనా తమ ఆరోగ్యం బాగున్నప్పుడే, తమకు మానసిక వ్యాధి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా వ్రాసి ఉంచవచ్చు. తమ తరఫున మాట్లాడవలసిన ప్రతినిధిని నియమించుకోవచ్చు. అత్యవసరమనే పేరుతో ఎవరి సమ్మతీ లేకుండా కరెంటు చికిత్స చేయడానికి వీలులేదని 94వ సెక్షను చెబుతున్నది. అందువల్ల ముందే ప్రతినిధి ఎవరో తెలిసి ఉంటే ఆపదకాలంలో విలువైన రోజులు వృథా కావు. ఒకసారి ఈ వ్యాధి వచ్చి తగ్గినవారు మన ఇళ్లలో ఉంటే, వారు నవ్వుతూ మాట్లాడే ఈ మంచి రోజుల్లోనే ఈ విషయం వారితో కూర్చొని మాట్లాడండి.

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. రెండు జిల్లాలకు ఇద్దరు కలెక్టర్లు, ఇద్దరు వైద్యాధికారులు ఉన్నారు. రాబోయే అంటువ్యాధికి వారు జాబితాలు తయారు చేసినప్పుడు మనం ఒక్క ప్రశ్న అడుగుదాం. తిండి మానేసి కొయ్యబారిన రోగికి కరెంటు చికిత్స ఎక్కడ దొరుకుతుంది, సరిహద్దు మూసినా అక్కడికి ఎవరు చేరుస్తారు, ఆ గదిలోని నర్సుకు మాస్కు ఎవరు ఇస్తారు? దీనికి ఒక ఆసుపత్రి పేరు, ఒక ఫోను నంబరు జవాబుగా కావాలి. మన విచారణలలో రోగులను పరామర్శించే బృందాలవారు అంతవరకు చేయగలిగినది ఒకటి ఉన్నది. వీధిలో ఎవరి తలుపు చాలాకాలంగా మూసి ఉన్నదో గమనించడం, ‘ఆమె మాట్లాడడం మానేసిందట’ అనే కబురు వినబడితే మరునాటికి వాయిదా వేయకుండా వెళ్లి తలుపు తట్టడం.